రొంటిన బెల్లం ముక్క

(చోడవరంలో జరిగిన పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో, వెన్న శాతం గురించో చెబుతామని మీరు అనుకుని ఉంటారు. ఈ పూట పశువు సంగతి కాదు, పశువును మేపే మనిషి సంగతి చెప్పుకుందాం. గేదె ఒక్క పూట మేత ముట్టకపోతే పరుగున వెళ్ళి పశువుల డాక్టరును పిలుచుకొస్తాం. మన ఒంటికి వస్తే మాత్రం నెలల తరబడి పట్టించుకోం. ఎవరైనా అడిగితే "ఏటీ లేదు, బాగానే ఉన్నాను" అనేస్తాం.

మేము డాక్టర్లం కాము. మీలాగే పాలు పోసే సభ్యులం. మాలో కొందరికి షుగరు వ్యాధి ఉంది. ఒకరిద్దరు ఇన్సులిన్ సూది వేసుకుంటారు, మిగిలినవాళ్ళం మాత్రలు మింగుతాం. సాయంత్రం పాలు పోశాక బడి మైదానంలో కలుసుకుని నడుస్తాం, ఓపిక ఉన్నవాళ్ళం వాలీబాల్ ఆడతాం. ఈ అలవాటులో కొన్ని తప్పులు చేశాం, డాక్టర్లను అడిగి కొన్ని సంగతులు తెలుసుకున్నాం. అవే మీ ముందు పెడుతున్నాం.

ఆ రోజు ఏం జరిగింది?

రెండేళ్ళ క్రితం మార్గశిర మాసం చలిలో జరిగిన సంగతి ఇది. మా సంఘంలో పాలు పోసే ఒక పెద్దాయన వరుసలో నిలబడి ఉన్నాడు. అంత చలిలోనూ ఆయన ఒళ్ళంతా చెమట పట్టింది. చేతులు వణికి క్యాను ఒలికింది. ఏదడిగినా పొంతన లేని జవాబు చెబుతున్నాడు. వెనక నుంచి ఒక కుర్రాడు "ఏటి తాతా, పొద్దున్నే తాగీసినావేటి?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇంతలో ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఒకరు చెంబుతో పచ్చి పాలు తెచ్చి తాగించారు. సగం చెంబు తాగినా తేరుకోలేదు. పాలు పరీక్ష చేసే మనిషి ఇంట్లో తల్లికి షుగరు ఉంది. ఆయన వచ్చి చూసి "ఇది తాగుడు కాదు, షుగరు పడిపోయింది" అని చెప్పి, టీ కోసం ఉంచిన పంచదారను గ్లాసుడు నీళ్ళలో కలిపి పట్టించాడు. పావుగంట అయ్యేసరికి పెద్దాయన కళ్ళు నిలదొక్కుకుని "నా క్యాను ఏదీ?" అని అడిగాడు.

తర్వాత సంగతి తెలిసింది. ఆయన తెల్లవారుజామునే ఇన్సులిన్ వేసుకున్నాడు. పాలు పోసి వచ్చి తిందాంలే అనుకుని ఏమీ తినలేదు. గంటసేపు గడ్డి కోసి, పాలు పితికి, క్యాను సైకిలుకు కట్టుకుని మూడు కిలోమీటర్లు తొక్కాడు. తనకు షుగరు ఉన్నట్టు ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. కూతురికి సంబంధాలు చూస్తున్నారట, తెలిస్తే బాగుండదని దాచాడు. సంఘం వాకిట్లో పడ్డాడు గనుక సరిపోయింది. అదే కాలవ గట్టు మీద, లారీలు తిరిగే రోడ్డు మీద పడి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి.

ఆ మర్నాటి నుంచి ఆయన రొంటిన చిన్న ప్లాస్టిక్ సంచిలో బెల్లం ముక్క పెట్టుకుంటున్నాడు. మా మాటంతా ఆ బెల్లం ముక్క చుట్టూనే తిరుగుతుంది.

బెల్లం పుట్టిన సీమలో

మన ప్రాంతం చెరకు పండే ప్రాంతం. గోవాడలో సహకార పద్ధతిన చక్కెర ఫ్యాక్టరీ నిలబెట్టుకున్నవాళ్ళం. అనకాపల్లి బెల్లం దేశమంతటికీ తెలుసు. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న మన చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా మన తిండీ, పనీ, పంటా అవే. ఇలాంటి చోట "నీకు షుగరు" అని డాక్టరు అంటే, మన నోటి ముందున్న తీపిని లాగేసుకున్నట్టే ఉంటుంది. అందుకే చాలామంది పరీక్షకే వెళ్ళరు.

ఇది మన ఒక్క ఊరి బాధ కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతా జరిపిన సర్వే 2023లో వెలువడింది. దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నదని అందులో లెక్క కట్టారు. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది వ్యాధి అంచున ఉన్నారట. ఇది పట్నవాసుల జబ్బు, కూర్చుని తినేవాళ్ళ జబ్బు అని ఇంకా అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

కష్టం చేసే కండరం

మనం తిన్న అన్నం, అంబలి ఒంట్లో గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తాయి. ఆ గ్లూకోజు కండరంలోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ అనే తాళంచెవి కావాలి. షుగరు వ్యాధిలో తాళంచెవి ఉండదు, లేదా ఉన్నా తాళం బిగుసుకుపోయి ఉంటుంది. అందువల్ల గ్లూకోజు బయటే, రక్తంలోనే నిలిచిపోతుంది.

కండరానికి దొడ్డిదారి కూడా ఒకటి ఉంది. నడిచేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు, ఆడేటప్పుడు ఆ దారి తెరుచుకుంటుంది. ఇన్సులిన్‌తో పెద్దగా పని లేకుండానే కండరం గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. పని ఆగిన తర్వాత కూడా చాలా గంటలపాటు బిగుసుకున్న తాళం కొంత వదులుగా ఉంటుంది. వ్యాయామం వల్ల షుగరు తగ్గడానికి కారణం ఇదే. కండరం పనిచేసే విధానం గురించి ప్రపంచానికి తెలిపినవారిలో మన తెలుగువాడు కూడా ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, కండరంలో శక్తిని నిలవ చేసే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం సంగతిని 1927లో బయటపెట్టారు.

పూర్వం మనవాళ్ళకూ ఈ సంగతి కొంత తెలుసు. ప్రమేహం ఉన్నవాడు దూరాలు నడవాలనీ, పొలం దున్నాలనీ, బావి తవ్వాలనీ, ఆవుల వెంట తిరగాలనీ సుశ్రుత సంహితలో ఉంది. అంటే మన వృత్తినే మందుగా రాశారన్నమాట. అయితే చెప్పులు లేకుండా నడవమని కూడా అందులో ఉంది. ఆ ఒక్క మాట మాత్రం ఈనాటి వైద్యం ఒప్పుకోదు. కారణం తర్వాత చెబుతాం.

రెండు పొరపాట్లు

షుగరు అనగానే మనం రెండు రకాల పొరపాట్లు చేస్తున్నాం.

మొదటిది, "మేం కష్టం చేసుకునే వాళ్ళం, మాకు వేరే వ్యాయామం ఎందుకు?" అనడం. ఒకప్పుడు ఆ మాట నిజమే. ఇప్పుడు గడ్డిని మోటారు ముక్కలు చేస్తోంది. పాల క్యాను మోటారు సైకిలు మీద వస్తోంది. నీళ్ళు పంపు పోస్తోంది. గేదె దగ్గర కూర్చుని పాలు పితికితే వేళ్ళకే పని. కష్టం చేస్తున్నామన్న పేరు మిగిలింది గానీ, కష్టం తగ్గింది.

రెండోది, షుగరు ఉందని తెలియగానే మనిషిని నీడపట్టున కూర్చోబెట్టడం. "నీరసం వస్తుంది, బరువు ఎత్తకు, ఆడకు" అని ఇంటిల్లిపాదీ జాగ్రత్త చెబుతారు. అది ప్రేమే గానీ ఆ ప్రేమ వల్ల వ్యాధి ముదురుతుంది.

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్‌గారి బృందం వ్యాధి అంచున ఉన్న 531 మందిని తీసుకుని చేసిన పరిశోధన 2006లో వెలువడింది. తిండిలో మార్పు, రోజూ కనీసం అరగంట నడక వంటి పద్ధతులు పాటించినవారిలో, పాటించని వారికంటే వ్యాధి వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. వ్యాధి వచ్చేసిన వారికి కూడా డాక్టర్లు చెప్పేది ఇంచుమించు ఇదే. వారానికి మొత్తం 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు, కొంచెం ఆయాసం వచ్చేలా చురుగ్గా కదలాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. వరుసగా రెండు రోజులకు మించి మానకూడదు. వారంలో రెండు మూడు సార్లు బరువు పని కూడా ఉండాలి. తవ్వడం, నీళ్ళు మోయడం, కూర్చుని లేవడం వంటివన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

మైదానంలోకి దిగే ముందు

నలభై దాటినవాళ్ళు, రక్తపోటు ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు చాలా కాలం తర్వాత ఒక్కసారిగా కబడ్డీకో, పరుగు పందేనికో దిగరాదు. ముందుగా గుండె పరీక్ష చేయించుకోవాలి. నడకకు అంత పరీక్ష అక్కరలేదు, నెమ్మదిగా మొదలుపెట్టి పెంచుకోవచ్చు. ఏటా ఒకసారి కంటి లోపలి పొర చూపించుకోవాలి. ఆ పొరలో రక్తనాళాలు దెబ్బతిని ఉంటే ఊపిరి బిగపట్టి బస్తాలు ఎత్తడం, గెంతడం వల్ల కంట్లో రక్తస్రావం కావచ్చు.

తర్వాత మీరు వాడే మందు పేరు తెలుసుకోండి. ఇన్సులిన్ వాడేవారికి, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రలు వాడేవారికి పని చేస్తున్నప్పుడు షుగరు పడిపోయే ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం చాలా తక్కువ. చాలా బిళ్ళల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి గనుక, చీటీ తీసుకెళ్ళి "ఇందులో షుగరును పడేసే మందు ఉందా?" అని డాక్టరునే అడగండి.

వేలి చివర రక్తపు చుక్కతో చూసే మిషను ఉన్నవారు ఆటకు ముందు చూసుకోవాలి. ఇన్సులిన్, పైన చెప్పిన మాత్రలు వాడేవారికి లెక్క 90కి లోపు ఉంటే ముందుగా ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తిని, కాసేపు ఆగి దిగాలి. 90 నుంచి 250 దాకా ఉంటే సాధారణంగా ఆడవచ్చు. 250 దాటి ఉండి, ఒంట్లో వికారం, కడుపునొప్పి, విపరీతమైన దాహం ఉంటే ఆడరాదు, ఆ రోజు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీద ఉన్నవారు 250 దాటితే మూత్రంలో కీటోన్లు కూడా చూసుకోవాలి. అవి ఉంటే ఆట ప్రమాదకరం.

సూది తొడకు వేసుకుని వెంటనే సైకిలు తొక్కితే మందు త్వరగా రక్తంలో కలిసి షుగరును పడేస్తుంది. అటువంటి రోజుల్లో పొట్టకు వేసుకోవడం మేలు. ఆట ఉన్న రోజున మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరు చెబుతారు. సొంతంగా తగ్గించరాదు. ఇన్సులిన్ పూర్తిగా మానెయ్యడం అసలే పనికిరాదు.

పాలవాళ్ళం చేసే తప్పు

చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, కళ్ళు మసకబారడం, విసుగు, తడబడే మాట. ఇవి షుగరు పడిపోయినప్పటి గుర్తులు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రల వల్ల వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం తెలుస్తుంది. మిషను ఉంటే చూసుకోండి. 70కి లోపు ఉంటే వెంటనే తీపి తీసుకోవాలి. మిషను లేకపోతే అనుమానం వచ్చినా చాలు, పని ఆపి తీపి తీసుకోండి.

ఎంత తీసుకోవాలి? మూడు టీస్పూన్ల గ్లూకోజు పొడి గానీ, మూడు టీస్పూన్ల పంచదార గానీ, సుమారు 20 గ్రాముల బెల్లం, అంటే పెద్ద ఉసిరికాయంత ముక్క గానీ. నీళ్ళలో కలిపి తాగితే ఇంకా త్వరగా పనిచేస్తుంది. పావుగంట కూర్చుని ఆగాలి. తగ్గకపోతే మళ్ళీ అంతే తీసుకోవాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందులు వాడేవారికి బెల్లం, పంచదార త్వరగా పనిచెయ్యవు. ఆ మందు తీపిని కడుపులోనే ఆపుతుంది. వారు గ్లూకోజు పొడి ప్యాకెట్టే దగ్గర పెట్టుకోవాలి.

ఇక మనం చేసే తప్పు. మనం పాలవాళ్ళం. ఎవరికి కళ్ళు తిరిగినా చెంబుడు పాలు పట్టిస్తాం. ఆ పెద్దాయనకు సగం చెంబు పాలు ఎందుకు పనిచెయ్యలేదని మేము డాక్టరును అడిగాం. పాలలో ఉన్న తీపి తక్కువ, నూటికి ఐదు పాళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది. పైగా గేదె పాలలో వెన్న ఎక్కువ. వెన్న కడుపులోంచి తిండిని నెమ్మదిగా కదలనిస్తుంది. మన సంఘంలో ధర తెచ్చిపెట్టే ఆ వెన్న శాతమే ఆ క్షణంలో మనకు శత్రువు. అందుచేత ముందు తీపి నీళ్ళు, తేరుకున్న తర్వాతే పాలు. తేరుకున్నాక గ్లాసుడు పాలూ, రెండు ఇడ్లీలో, కొంచెం అన్నమో తీసుకుంటే షుగరు మళ్ళీ పడిపోకుండా నిలుస్తుంది. అలాగే పలచని మజ్జిగ దాహానికి మంచిదే గానీ, పడిపోయిన షుగరుకు మందు కాదు.

మనిషి స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏదీ పొయ్యకండి. పాలైనా, నీళ్ళైనా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: "బెల్లం మానమంటారు, మళ్ళీ జేబులో బెల్లం పెట్టుకోమంటారు, ఇదేం మాట?" అని. రొంటిన ఉన్న బెల్లం తిండి కాదు, మందు. అవసరం పడనంత కాలం అలాగే ఉండాలి. నడిచినప్పుడల్లా ముక్క కొరుక్కుంటే నడక ఫలితం పోతుంది.

ఆట మానని కుర్రాడు

మా ఊళ్ళో ఇంటరు చదివే కుర్రాడు ఒకడు ఉన్నాడు. పదకొండో ఏట నుంచీ ఇన్సులిన్ మీద ఉన్నాడు. కబడ్డీ బాగా ఆడతాడు. కిందటి సంక్రాంతి పోటీలకు వాణ్ణి జట్టులోంచి తీసేద్దామని పెద్దలం అనుకున్నాం. "కోర్టులో ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు?" అని అందరికీ భయం. వాడు మా దగ్గరికి వచ్చి "నన్ను ఆటలోంచి తీసేస్తే నా షుగరు పోతాదా బాబాయ్?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేకపోయింది.

వాణ్ణీ, వాళ్ళ అమ్మనూ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని చూసి నవ్వి, క్రికెట్ ఆడే వసీం అక్రమ్ సంగతి చెప్పారు. అక్రమ్‌కు 1997లో షుగరు బయటపడింది. ఇన్సులిన్ తీసుకుంటూనే 2003 దాకా పాకిస్తాన్ జట్టుకు బంతులు వేశాడు. ఇంగ్లండుకు చెందిన స్టీవ్ రెడ్‌గ్రేవ్ అనే పడవ పందేల వీరుడికి కూడా 1997లోనే వ్యాధి ఉందని తేలింది. ఆయన 2000లో సిడ్నీ ఒలింపిక్సులో బంగారు పతకం గెలిచాడు. అది ఆయనకు వరుసగా ఐదో ఒలింపిక్సులో ఐదో బంగారు పతకం. అమెరికా ఈతగాడు గారీ హాల్‌కు 1999లో వ్యాధి వస్తే, 2000లోనూ 2004లోనూ 50 మీటర్ల ఈతలో బంగారు పతకాలు తెచ్చుకున్నాడు. 1922లో కెనడాలోని టొరంటోలో మొదటిసారి మనిషికి ఇన్సులిన్ ఇవ్వకముందు, ఇలాంటి పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కారు. ఇప్పుడు వాళ్ళు ఆడుతున్నారు. మనం ఆపడం ఏమిటి?

డాక్టరు కుర్రాడికి ఒక కాగితం రాసి ఇచ్చారు. ఆటకు ముందు ఎంత ఉండాలి, ఎంత తినాలి, సూది ఎంత తగ్గించాలి అని. ఆ కాగితం నకలు జట్టు కెప్టెను దగ్గర ఉంచాం. గ్లూకోజు ప్యాకెట్టు గీత పక్కన కూర్చునే వాడి చేతికి ఇచ్చాం. రెండో ఆటలో కుర్రాడు చెయ్యెత్తి బయటికి వచ్చాడు. చూస్తే 66 ఉంది. గ్లూకోజు తాగాడు, బిస్కెట్లు తిన్నాడు. మళ్ళీ చూసుకుని, 100 దాటాకే లోపలికి వెళ్ళాడు. ఆట ఓడిపోయాం. దాని గురించి ఎవరూ బాధపడలేదు.

అసలు ప్రమాదం ఆ రాత్రి వచ్చింది. కబడ్డీ కూత పెట్టి ఎదుటి కోర్టులోకి వెళ్ళినప్పుడు ఉద్రేకానికి షుగరు ఒక్కోసారి పెరుగుతుంది కూడా. తర్వాత కండరం ఖర్చయిన నిలవను తిరిగి నింపుకునేటప్పుడు రక్తంలోంచి లాగుతుంది. అందువల్ల ఆట అయిన తర్వాత ఒక పూట, ఒక్కోసారి 24 గంటల దాకా షుగరు పడిపోవచ్చు. డాక్టరు ముందే చెప్పారు గనుక ఆ తల్లి అలారం పెట్టుకుని రాత్రి రెండు గంటలకు లేచి కొడుకు వేలు గుచ్చి చూసింది. 58 ఉంది. కుర్రాడు చెమటలో తడిసి నిద్రపోతున్నాడు. లేపి, వాడు కూర్చుని మింగగలిగాక గ్లూకోజు నీళ్ళు పట్టించింది. తెల్లారి అంతా చెప్పుకొచ్చి, "నిద్దట్లో పోయీవోడు బాబూ" అని ఒక్క మాట అని ఊరుకుంది. అందుకే చెబుతున్నాం. గట్టిగా ఆడిన రోజు, చెరకు నరికిన రోజు, ఊడ్పుల రోజు రాత్రి అన్నం మానకండి. పడుకునే ముందు ఒకసారి చూసుకోండి. అలసట తీరుతుందని మద్యం తాగకండి. ఆ రాత్రి మద్యం తాగితే పడిపోయిన షుగరు తిరిగి లేవదు, మత్తులో గుర్తు కూడా తెలియదు.

పాదం సంగతి

సుశ్రుతుని కాలం నాటి మాటను ఎందుకు ఒప్పుకోకూడదో చెబుతామన్నాం. షుగరు చాలా కాలం ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. సాలలో మేకు గుచ్చుకున్నా, మే నెల ఎండకు తారు రోడ్డు కాల్చినా తెలియదు. పేడ, మూత్రం ఉన్న నేలలో చిన్న గాయం కూడా చీము పడుతుంది. అది ముదిరి వేలు, పాదం తీసేయవలసి వచ్చినవాళ్ళు మన ఊళ్ళల్లోనే ఉన్నారు.

కాబట్టి సాలలోకి చెప్పులు లేకుండా వెళ్ళకండి. నడకకు వేళ్ళు ఒత్తని బూట్లు, నూలు మేజోళ్ళు వేసుకోండి. వేసుకునే ముందు బూటు తిరగేసి దులపండి. రోజూ సాయంత్రం కాళ్ళు కడుక్కున్నాక వేళ్ళ మధ్య తడి తుడిచి, అరికాలు చూసుకోండి. కనిపించకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోండి. గేదె గిట్ట రోజూ చూస్తాం కదా, మన పాదాన్నీ అలాగే చూద్దాం. పుండు ఉన్నంత కాలం నడక మాని, కూర్చుని చేతులతో చేసే వ్యాయామం చెయ్యండి.

ఎండ సంగతి కూడా గుర్తుంచుకోండి. మన తీరంలో ఉక్కపోత ఎక్కువ. పొద్దున్న, సాయంత్రం చల్లని వేళల్లోనే నడవండి, నీళ్ళు తాగుతూ ఉండండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలుకు మించిన ఆయాసం వస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. "గ్యాసులే" అనుకోకండి.

సంఘాలకు మా మనవి

ఇంతవరకు చెప్పినవి మనిషి మనిషిగా చెయ్యవలసినవి. సంఘంగా చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, ప్రతి సంఘం పరీక్ష బల్ల దగ్గర ఒక సీసాలో పంచదార, రెండు గ్లూకోజు ప్యాకెట్లు, ఒక గ్లాసు ఉంచండి. ఖర్చు ఒక పూట టీ ఖర్చు కంటే ఎక్కువ కాదు. పెద్దాయన బతికింది టీ పంచదారతోనే.

రెండు, పాలు పోసేవాళ్ళు తెల్లవారుజామున సూది వేసుకుని తినకుండా బయలుదేరకండి. తినే వేళకే సూది వేసుకోవాలి. పొద్దున్నే పని తప్పనివారు సూది వేళ గురించి డాక్టరుతో మాట్లాడుకోండి. ముందుగా ఒక గ్లాసు చోడి అంబలి తాగి వెళ్ళడమూ ఒక దారే. ఉపవాసం ఉన్న రోజున బరువు పని, ఆట పెట్టుకోకండి.

మూడు, ముప్పై దాటిన సభ్యులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, రక్తపోటు పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు. ఇంటి పని, సాల పని చేసే అమ్మలు తమకు నడక వేరే అక్కర్లేదంటారు. ఇల్లు దాటి ఒక అరగంట నడిచే వేళ వాళ్ళకు ఇవ్వవలసింది ఇంట్లో మగవాళ్ళే. ఆ అరగంట పొయ్యి దగ్గర మీరు నిలబడండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది. దాచకండి. పక్కవాడికి చెప్పండి. జట్టులో వాడికి, వరుసలో నిలబడే వాడికి, చెరకు తోటలో పక్క సాలు నరికే వాడికి "నాకు షుగరు ఉంది, నేను తడబడితే ఈ జేబులో బెల్లం ఉంది" అని చెప్పండి. ఆ పెద్దాయనకు మందు తెలియక కాదు ప్రమాదం వచ్చింది. మాకు తెలియకపోవడం వల్ల మేము నవ్వాం. తెలిసి ఉంటే మాలో ఏ ఒక్కరూ నవ్వేవారు కాదు. ఆయన కూతురికి పెళ్ళి కూడా అయింది. పెళ్ళివారికి ముందుగానే చెప్పారు, వాళ్ళేమీ వెనక్కి పోలేదు.

ఒక్క గేదె పాలతో డెయిరీ నడవదు. చెంబుడు చెంబుడు కలిస్తేనే ట్యాంకరు నిండుతుంది. మనిషికీ అంతే. ఒక్కడు తన జబ్బును తానే మోసుకుంటూ ఎంత దూరమని పోగలడు? పది మందికీ తెలిసిన జబ్బులో పది మంది జాగ్రత్త ఉంటుంది.

ఈ సాయంత్రం పాలు పోశాక బడి మైదానానికి రండి. మొదటి రోజు పది నిమిషాలు చాలు. చెప్పులు వేసుకుని రండి, ఏదైనా తిని రండి, రొంటిన బెల్లం ముక్క మరిచిపోకండి.